రెండు తేదీల మేడమ్

మా కాలేజీలో మూడో నంబరు గదికీ నాలుగో నంబరు గదికీ మధ్య గోడ లేదు, ప్లైవుడ్ చెక్క ఉంది. ఒకప్పుడు అదంతా ఒకే హాలు. పిల్లలు ఎక్కువయ్యారని మధ్యలో చెక్క బిగించి, రెండు తలుపులకి రెండు నంబర్లు వేసి, ఇవి రెండు గదులన్నారు. మూడులో నేను ఎకనామిక్స్ చెబుతాను. నాలుగులో ఇంగ్లీషు మేడమ్ అమెరికన్ సాహిత్యం చెప్పేవారు. పంతొమ్మిదేళ్ళపాటు నేను బోర్డు మీద డిమాండు రేఖ గీస్తూ ఉంటే, ఆవిడ ప్యూరిటన్లు ఆ చెక్కలోంచి దూరి నా క్లాసులోకి వచ్చేవారు. ఆ పాఠం నాకు కంఠతా వచ్చు. అడగకపోయినా చెబుతాను.

ప్యూరిటన్లంటే, దేవుడి మాట తు.చ. తప్పకుండా బతకాలని నాలుగొందల ఏళ్ళ కిందట సముద్రం దాటి అమెరికా చేరి, అడవుల పక్కన ఊళ్ళు కట్టుకున్న జనం. ఒకరి తప్పు ఇంకొకరు పట్టడమే భక్తి అనుకున్నవాళ్ళు. వాళ్ళ మీద తర్వాతి కాలపు అమెరికా రచయితలు నవలలు రాశారు, కథలు రాశారు, నాటకం రాశారు. వాటిని చెప్పేముందు ఆవిడ ప్రతి ఏడూ ఒకే పని చేసేవారు. బోర్డుకి ఎడమపక్క ఒక సంవత్సరం, కుడిపక్క ఒక సంవత్సరం వేసేవారు. సుద్దముక్క చప్పుడు నాకు వినిపించేది, ఎనిమిది అంకెలు, ఎనిమిది టకటకలు.

"ఎడమపక్కది కథ జరిగిన ఏడు. కుడిపక్కది రాసిన ఏడు. తీసివెయ్యండి," అనేవారు.

పదహారువందల తొంభై రెండు, పంతొమ్మిదివందల యాభై మూడు. మా వైపు లెక్కల్లో మొద్దులు కూడా రెండువందల అరవై ఒకటి అని గొణుక్కునేవారు.

"ఇంత దూరం ఈ నాటకం రాసినాయన షికారుకి వెళ్ళలేదు. తన వీధిలో నిలబడి చెప్పలేని మాట ఒకటుంది. దాన్ని పట్టుకెళ్ళి ఆ ఊళ్ళో పెట్టాడు. ఆయన రోజుల్లో కమ్యూనిస్టులన్న అనుమానంతో మనుషుల్ని ఒక గదిలోకి పిలిచి, నీతో ఇంకెవరున్నారో చెప్పు అని అడిగేవాళ్ళు. పేరు చెబితే ఇంటికి పోవచ్చు. చెప్పకపోతే పని పోతుంది. ఆ ఊళ్ళో మంత్రగత్తెలంటూ జనాన్ని పట్టుకుని జరిపిన విచారణలో అడిగిందీ అదే. అందుకే అక్కడికి వెళ్ళాడు."

తర్వాత నవల. అది రాసినాయన తాతముత్తాతల్లో ఒకాయన ఆ విచారణల్లో తీర్పు బల్ల వెనక కూర్చున్నవాడేనట. ఆయనకది తీరని సిగ్గు. పైగా ప్రభుత్వం మారగానే ఆఫీసులో ఉద్యోగం ఊడింది, ఊళ్ళో తలో మాటా అన్నారు. ఆ ఉక్రోషమంతా రెండొందల ఏళ్ళ కిందటి ఊరి నడిబజారులో దించాడు. "ప్యూరిటన్ల గురించి తెలుసుకోవడానికి ఈ పుస్తకాలు చదవకండి. రాసినవాళ్ళ భయాలు తెలుసుకోవడానికి చదవండి," అని పాఠం ముగించేవారు. ఆ వాక్యం అయ్యేసరికి సరిగ్గా గంట కొట్టేవారు. అందుకే పిల్లలు ఆవిడకి రెండు తేదీల మేడమ్ అని పేరు పెట్టారు. నాకు గ్రాఫు మాస్టారని పెట్టారు. ఆవిడ పేరు గౌరవంగా ఉందని నాకు కొంచెం కడుపుమంటగా ఉండేది కూడా.

ఆవిడ జీవితం చెప్పమంటే పెద్ద కథేం లేదు. ముప్ఫై ఎనిమిదో ఏట ఈ కాలేజీకి వచ్చారు. పిల్లలు లేరు. భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, చేతులెప్పుడూ నూనె వాసన. కాలేజీ గేటుకి ఎదురుగా, రోడ్డుకి అటుపక్క స్టాఫ్ క్వార్టర్స్‌లో ఇల్లు. పన్నెండున్నర గంట కొట్టగానే ఆవిడ రోడ్డు దాటి ఇంటికి వెళ్ళి, భర్తతో కలిసి వేడివేడిగా తిని, ఒకటింపావుకి వచ్చేవారు. ఆ నలభై ఐదు నిమిషాల కోసమే ఈ ఉద్యోగం చేస్తున్నానని ఒకసారి నాతో అన్నారు. స్టాఫ్ రూములో మా ఇద్దరివే బల్లలు, ఎదురెదురుగా. నా బల్ల అంతా చెత్త. ఆవిడ బల్ల మీద ఎర్ర సిరా పెన్నూ, దిద్దాల్సిన కాగితాల కట్టా, దాని మీద గాజు పేపర్‌వెయిటూ, అంతే.

ఆవిడ కూడా మచ్చలేని మనిషేం కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే తర్వాత అర్థం కాదు.

పదిహేనేళ్ళ కిందట పరీక్షల్లో కాపీ గొడవ ఒకటి జరిగింది. అప్పటి ప్రిన్సిపాల్ ఆవిణ్ణి పిలిచి, తప్పు చేసినవాళ్ళ దగ్గర సంజాయిషీ తీసుకోవడానికి ఒక పత్రం తయారుచెయ్యమన్నారు. ఆవిడ భాష అంత శుభ్రంగా ఉంటుంది మరి. ఆవిడ తొమ్మిది గడులతో పత్రం రాసి ఇచ్చారు. మొదటి రెండు గడులూ తేదీలే, తప్పు జరిగిన తేదీ, పత్రం ఇచ్చిన తేదీ. అలవాటు పోదు కదా. ఏడో గడి ఇది: "ఈ పనిలో నాతో పాలుపంచుకున్నవారి పేర్లు." ఇద్దరు కుర్రాళ్ళు ఆ గడి ఖాళీగా వదిలి ఇస్తే, ప్రిన్సిపాల్ విసుక్కుని, దీనికేదైనా చెయ్యండి మేడమ్ అన్నారు. ఆవిడ అడుగున ఒక వాక్యం చేర్చారు: "ఏ గడి ఖాళీగా ఉన్నా పత్రం స్వీకరించబడదు." పత్రం స్వీకరించకపోతే తప్పు ఒప్పుకోనట్టే, ఒప్పుకోకపోతే పేరు తీసేస్తారు. ఆ ఇద్దరిలో ఒకడు గడి నింపడానికి, ఆ రోజు కాలేజీకే రాని తన స్నేహితుడి పేరు రాశాడు. ఆ స్నేహితుడు చదువు మానేసి వెళ్ళిపోయాడు. అసలు సంగతి ఆవిడకి ఏడాది తర్వాత తెలిసింది. ఆ రోజు ఆవిడ పాఠం చెప్పలేదు. చెక్కకి అవతల గంటసేపు ఏ చప్పుడూ లేదు. కానీ పత్రం మార్చమని అడగలేదు. అడిగితే తాను చేసింది నలుగురికీ తెలుస్తుంది. మళ్ళీ ఏడు నించి, నీతో ఎవరున్నారని అడగడం ఎంత ఘోరమో పిల్లలకి చెబుతూనే ఉన్నారు. ఆఫీసు బీరువాలో ఆ పత్రం కట్టలు కట్టలుగా ఉంటూనే ఉంది. నేను దెప్పుదామని చాలాసార్లు అనుకున్నాను, ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

కిందటేడు కొత్త ప్రిన్సిపాల్ వచ్చారు. ఆయనకి క్రమశిక్షణంటే గేటు. తొమ్మిదిన్నరకి తాళం వేస్తే మళ్ళీ నాలుగున్నరకే తీస్తారు. మధ్యలో ఎవరైనా బయటికి పోవాలంటే చీటీ కావాలి. చీటీ మీద మూడు సంతకాలు కావాలి, విభాగాధిపతిది, వైస్ ప్రిన్సిపాల్‌ది, ప్రిన్సిపాల్‌ది. పిల్లలకీ అదే, మాకూ అదే. బయట ఏముందో, దేని నించి మమ్మల్ని కాపాడుతున్నారో ఎవరికీ తెలియదు. బయట ఒక బస్‌స్టాపు, ఒక జిరాక్స్ షాపు, ఆవిడ ఇల్లూ ఉన్నాయి.

ఆవిడ డబ్బాలో అన్నం తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మా స్టాఫ్ రూము కిటికీలోంచి చూస్తే, గేటు ఊచల్లోంచి క్వార్టర్స్ వరండాలో మెషిన్ ముందు కూర్చున్న భర్త కనిపిస్తాడు. పన్నెండున్నరకి ఆయన లేచి చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళేవాడు. ఆవిడ ఇక్కడ మూత తీసేవారు.

"అరవై అడుగులు మాస్టారూ. కొలిచాను. అరవై అడుగుల దూరంలో ఆయనొక్కడే తింటున్నాడు, నేనొక్కదాన్నే తింటున్నాను," అన్నారొక రోజు. ఏడ్చారేమో అని నేను తలెత్తలేదు.

ఆ నెలలోనే ల్యాబ్ అసిస్టెంటు కళ్ళు తిరిగి పడిపోయింది. రెండు సంతకాలయ్యాయి. మూడోది పెట్టాల్సిన ప్రిన్సిపాల్ భోజనానికి బయటికి వెళ్ళారు. ఆయనకి చీటీ అక్కర్లేదు. ఆయన వచ్చేదాకా, నలభై నిమిషాలు, ఆ మనిషిని గేటు దగ్గర బెంచీ మీద పడుకోబెట్టి అట్టముక్కతో విసిరాం. బతికిపోయింది. కానీ ఆ బెంచీ దగ్గర నిలబడ్డవాళ్ళెవరూ అది మర్చిపోలేదు.

అప్పుడు ఆవిడ పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి పాఠం మార్చారు. రెండు తేదీలు వేసి, తీసివేతయ్యాక, "ఈసారి మీరు రాయండి. ఎడమ తేదీ వాళ్ళది. కుడి తేదీ ఇవాళ్టిది. ఒక్క పేజీ," అన్నారు. చెక్క ఇవతల నేను సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాను.

నలభై ఆరు మందీ కంప్యూటర్‌లో కొట్టి తెచ్చారు. పైన చేత్తో హాజరు నంబరు రాశారు. వాటిలో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయిది ఒకటి. ఆ అమ్మాయి నా క్లాసులోనూ ఉంది. మధ్యలో రెండేళ్ళు చదువు మానేసి, బట్టల షాపులో నిలబడి పనిచేసి, మళ్ళీ చేరిన పిల్ల. మా నిబంధన ప్రకారం మళ్ళీ చేరడం ఒక్కసారే. ఈసారి పేరు తీసేస్తే ఇక చదువు లేనట్టే. చివరి పరీక్షలు మూడు నెలల్లో ఉన్నాయి.

ఆ రోజు నాకు పన్ను నొప్పి. దవడ బూరెలా వాచింది. రెండు సంతకాలు దొరికాయి, మూడోదాని కోసం మూడు గంటలు ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చుని, దొరక్క స్టాఫ్ రూముకి వచ్చాను. మేడమ్ క్లాసులో ఉన్నారు. ఆవిడ బల్ల మీద దిద్దిన కట్ట. పేపర్‌వెయిటు కింద పైనున్న కాగితం ఆ అమ్మాయిదే, చదివాను.

తోడేళ్ళ భయంతో ఊరి చుట్టూ కంచె కట్టుకున్న ఊరి కథ అది. తోడేళ్ళు ఎప్పుడూ రాలేదు. కంచె మాత్రం ఉంది. తాళంచెవి పెద్దాయన దగ్గర ఉంది. ఒక తల్లి, జ్వరంతో కాలిపోతున్న బిడ్డని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాలంటే ముగ్గురు పెద్దలు ఔననాలి. ఇద్దరు ఔనన్నారు. మూడో పెద్దాయన కంచె అవతల విందులో ఉన్నాడు. ఆయన తిని వచ్చి, చేతులు తుడుచుకుని, ఔనన్నాడు. అప్పటికి తల్లి బిడ్డని కింద పెట్టేసింది. అంతే కథ.

పన్ను నొప్పి మర్చిపోయి నవ్వాను, తర్వాత నవ్వలేకపోయాను, తర్వాత ఒళ్ళు మండింది. నాది తొందరపాటు మనిషి మంట, మంచిచెడ్డలు చూసుకోదు. పైనున్న నంబరు ముక్క చింపి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అంటే ఆ పిల్లకి ఇబ్బంది రాకూడదన్న తెలివి ఉంది నాకు. కాగితం పట్టుకెళ్ళి నోటీసు బోర్డు మీద, గేటు చీటీల నియమావళి పక్కన గుచ్చాను. పై ముక్క చింపినవాణ్ణి కింద చూసుకోలేదు. కింద ఎర్ర సిరాతో పదికి తొమ్మిదీ, దాని పక్కన అటూ ఇటూ రెండు తేదీలూ ఉన్నాయి. కాలేజీలో ఆ రెండు తేదీలు ఎవరివో తోటమాలిక్కూడా తెలుసు.

మధ్యాహ్నానికి బోర్డు చుట్టూ జనం. సాయంత్రానికి కాగితం ప్రిన్సిపాల్ బల్ల మీద.

మేడమ్ చేసిన మొదటి పని, ఎవరిది తగ్గిందో ఎవరూ లెక్కచూడకుండా మిగతా నలభై ఐదు కాగితాలూ పిల్లలకి తిరిగి ఇచ్చేయడం. మార్కులు ఎందులోనూ ఎక్కించలేదు. తర్వాత వచ్చి తన బల్ల ముందు కూర్చుని, పేపర్‌వెయిటు కేసి చూసి, నా కేసి చూశారు. నేను జవాబు పత్రాలు లెక్కపెడుతున్నట్టు నటించాను. ఆవిడ ఏమీ అడగలేదు.

మా కాలేజీలో ఇలాంటివి ప్రవర్తనా సంఘం చూస్తుంది. ముగ్గురు సభ్యులు. ప్రిన్సిపాల్, వైస్ ప్రిన్సిపాల్, మూడోది మా లెక్చరర్లలో వంతులవారీ. ఆ ఏడు వంతు నాది.

సోమవారం కూర్చున్నాం. అది చిన్న గది, ఒకటే తలుపు, కిటికీకి బీరువా అడ్డం. మేము ముగ్గురం బల్లకి ఒక వైపు, ఆవిడ ఒక్కరూ ఇంకో వైపు. నా మోకాలు బల్ల కాలికి తగులుతోంది, కదిపితే చప్పుడవుతుందని కదపలేదు.

"రాసిన విద్యార్థి ఎవరు? బోర్డు మీద పెట్టిందెవరు? రెండే ప్రశ్నలు మేడమ్. మీ మీద నాకు కోపం లేదు," అన్నారు ప్రిన్సిపాల్. ఆయన గొంతు మెత్తన. ఆ మెత్తదనానికే నాకు భయం వేసింది.

"రాయమన్నది నేను. మార్కులు వేసింది నేను," అన్నారు మేడమ్.

"అది కనిపిస్తూనే ఉంది. మీతో ఇంకెవరున్నారని అడుగుతున్నాను."

ఆ మాట వినగానే ఆవిడ పెదాల మీద ఒక చిన్న నవ్వు వచ్చి పోయింది.  పంతొమ్మిదేళ్ళు చెక్కలోంచి విన్న వాక్యం నా పక్క కుర్చీలోంచి వినిపించింది. నా చెయ్యి దానంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది.

వైస్ ప్రిన్సిపాల్ బీరువా తెరిచి పత్రం తీసి ఆవిడ ముందు పెట్టారు. తొమ్మిది గడులు. గురువారం లోపల నింపి ఇవ్వాలి. ఇస్తే మందలింపుతో సరి. ఆవిడకి ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది, ఎదురుగా క్వార్టర్స్ ఉంది, అందులో భర్త పని ఉంది. ఇవ్వకపోతే ఇవేవీ లేవు.

ఆ మూడు రోజులూ మేమిద్దరం ఎదురెదురుగానే కూర్చున్నాం. పత్రం పేపర్‌వెయిటు కింద ఉంది. బయటికి పోదామంటే గేటుకి తాళం. వరండాలో నిలబడితే పిల్లలు చూస్తారు. క్లాసుకి పోతే చెక్క అవతల ఆవిడే. అటూ ఇటూ మసిలాను. మంగళవారం, "మేడమ్, నేను..." అని మొదలుపెట్టాను.

"మీకు గంట కొట్టారు మాస్టారూ, వెళ్ళండి," అన్నారావిడ.

బుధవారం మళ్ళీ నోరు తెరిచాను. "పిల్లలు ఎదురు చూస్తుంటారు," అన్నారు. ఆవిడ నన్ను కాపాడుతున్నారనుకున్నాను. పంతొమ్మిదేళ్ళ స్నేహం కదా అనుకుని కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. చెప్పొద్దూ, కాస్త ఊపిరి కూడా పీల్చుకున్నాను. ఇంటికెళితే మా ఆవిడ, "ఎవరింట్లోనో దొంగతనం చేసి వచ్చినట్టు తింటున్నారేంటి? పన్ను తీయించుకున్నారుగా," అంది. పన్ను తీసిన చోట ఇంకా నొప్పిగా ఉందని చెప్పి ఊరుకున్నాను.

గురువారం ఆవిడ పత్రం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎనిమిది గడులు నిండుగా, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో. ఏడోది ఖాళీ.

వైస్ ప్రిన్సిపాల్ అడుగున ఉన్న వాక్యం పైకి చదివారు. "ఏ గడి ఖాళీగా ఉన్నా పత్రం స్వీకరించబడదు. చూసుకోలేదా మేడమ్?"

"చూసుకున్నానండి. అది నేను రాసిందే."

ఆ సంగతి ప్రిన్సిపాల్‌కి తెలియదు. ఆయన కాగితం తిప్పి చూశారు, వెనక ఏమైనా ఉందేమోనని.

"ఒక్క పేరు రాయండి. ఎవరిదైనా సరే. రాసినవాళ్ళదో, పెట్టినవాళ్ళదో. అంతటితో వదిలేస్తాను," అన్నారాయన.

"ఎవరిదైనా సరే అంటే ఏమవుతుందో నాకు తెలుసండి. పదిహేనేళ్ళ కిందట ఒక కుర్రాడు ఇలాగే ఎవరిదో ఒకటి రాశాడు. ఆ తప్పు వాడిది కాదు, ఈ గడి పెట్టినదానిది. అప్పుడే చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను."

 అంతసేపూ ఆవిడ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను బల్ల చెక్క మీద ఉన్న గీతలు లెక్కపెట్టాను. పధ్నాలుగు.

స్వచ్ఛందంగా తప్పుకుంటున్నట్టు ఆవిడ చేత రాయించుకున్నారు. క్వార్టర్స్ పదిహేను రోజుల్లో ఖాళీ చెయ్యాలి. కింద ముగ్గురు సభ్యుల సంతకాలు. రెండు అయ్యాయి. మూడోది నాది. పెన్ను నా చేతికిచ్చారు. పెట్టాను. గేటు చీటీ మీద మూడో సంతకం కోసం మూడు గంటలు కూర్చున్నవాణ్ణి, ఇది పెట్టడానికి మూడు క్షణాలు కూడా తీసుకోలేదు.

తర్వాత వరండాలోంచి కుట్టుమిషన్లు ఒక్కొక్కటే తోపుడుబండి మీదికి ఎక్కడం స్టాఫ్ రూము కిటికీలోంచి చూశాను. గేటు మూసి ఉంది, సాయం పట్టడానికి వెళ్ళలేదు. చీటీ రాసుకోవచ్చు. రాసుకోలేదు.

నాలుగో నంబరు గదికి కొత్త లెక్చరర్ వచ్చాడు. మేడమ్ వదిలేసి వెళ్ళిన నోట్సే చదువుతాడు. తేదీలు మాత్రం వెయ్యడు, సిలబస్‌లో లేవట. ప్యూరిటన్లు ఎప్పుడో ఎక్కడో ఉన్న చెడ్డవాళ్ళు, రచయితలు వాళ్ళని బాగా ఎండగట్టారు, రాసుకోండి అంటాడు. పిల్లలు రాసుకుంటారు. కిటికీ పక్క అమ్మాయి కూడా రాసుకుంటుంది. నా క్లాసులో ఆ పిల్ల నా మొహంలోకి చూసినప్పుడల్లా నా డిమాండు రేఖ వంకర పోతుంది. తన కాగితం బోర్డు దాకా ఎలా నడిచి వెళ్ళిందో ఆ పిల్లకి ఇప్పటికీ తెలియదు.

ఒక రోజు ఇక నా వల్ల కాలేదు. ఆఫీసులో ఒక సంజాయిషీ పత్రం అడిగి తీసుకుని, తొమ్మిది గడులూ నింపాను. కాగితం పెట్టింది నేనేనని రాశాను. ఏడో గడిలో "ఎవరూ లేరు" అని రాశాను. పట్టుకెళ్ళి ప్రిన్సిపాల్‌కి ఇచ్చాను. ఏదో బరువు దిగుతున్నట్టే ఉంది.

ఆయన చదివి, మెత్తగా నా వైపు తోశారు. "ఫైలు మూసేశాం మాస్టారూ. మూసిన ఫైల్లో కొత్త కాగితం చేర్చడానికి లేదు. అయినా తీర్పు మీద మీ సంతకమే ఉంది. ఇప్పుడిది తీసుకుంటే, నేరం చేసినవాడే సంఘంలో కూర్చున్నాడని నేను పైవాళ్ళకి రాయాలి. మీకూ ఇబ్బంది, కాలేజీకీ ఇబ్బంది. వెళ్ళి పాఠం చెప్పుకోండి."

"నా చేత రాజీనామా అయినా..." అన్నాను.

"కారణం ఏమని రాస్తారు?" అన్నారు.

బయటికి వచ్చాను. నాలుగున్నర దాకా గేటు తియ్యరు. ఆ పత్రం చేత్తో పట్టుకుని మిగతా రెండు క్లాసులూ చెప్పాను.

గేటు తీశాక తిన్నగా మేడమ్ వాళ్ళ కొత్త ఇంటికి వెళ్ళాను. ఇస్త్రీ షాపు మీద రెండు గదులు, మెట్ల మీదే వేడి తగిలింది. భర్త తలుపు తీసి, "రండి మాస్టారూ, ఇన్నాళ్ళకి దారి తెలిసింది," అని కుర్చీ మీది దారపు ఉండలు తీశాడు. ఆయన మాటలో ఎత్తిపొడుపేమీ లేదు, అది ఇంకా కష్టంగా అనిపించింది. మేడమ్ నేల మీద కూర్చుని, పళ్ళెంలో కిరసనాయిలు పోసి మిషన్ స్క్రూలు తోముతున్నారు. వేళ్ళ చివర్లు నల్లగా ఉన్నాయి. ఎర్ర సిరా మరకలు ఉండే చోట.

భర్త టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. నేను పత్రం ఆవిడ చేతికిచ్చాను. చేతులు తుడుచుకుని, మొదట పై రెండు గడులే చూశారు.

"నలభై ఒక్క రోజులు," అన్నారు.

"తీసుకోలేదు మేడమ్. ఫైలు మూసేశారట."

"తీసుకోరు."

"మీరు నా పేరు రాసి ఉండాల్సింది. నేను చెబుదామంటే రెండుసార్లూ మీరే ఆపారు. నా కోసం మీరు ఇంత..."  ఏడ్చాను. యాభై రెండేళ్ళవాణ్ణి, ఇస్త్రీ వేడిలో కూర్చుని ఏడ్చాను.

ఆవిడ నేను ఆపేదాకా ఆగారు. తర్వాత మామూలుగానే, పిల్లాడి పేపరులో తప్పు చూపించినట్టు చెప్పారు.

"మీ కోసం కాదు మాస్టారూ. మీ పేరు రాస్తే మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టేవాళ్ళు. ఏడో గడి మీ ముందు పెట్టేవాళ్ళు. మీకు ఆ పిల్ల నంబరు తెలుసు. మీరు చెప్పేసేవారు."

"లేదు మేడమ్. ఒట్టు. ఆ పిల్లకి ఇబ్బంది రాకూడదనే కదా ఆ ముక్క చింపాను."

"చింపిన ముక్క ఏం చేశారు?"

 లోపల స్టవ్ మీద టీ పొంగిన చప్పుడు వినిపించింది. ఆవిడ నల్లటి చెయ్యి చాపారు. నేను చొక్కా జేబులోంచి ఆ ముక్క తీసి ఆ చేతిలో పెట్టాను. నలభై ఒక్క రోజులూ చొక్కాలు మార్చాను. మార్చిన ప్రతిసారీ ఆ ముక్కని పాత జేబులోంచి తీసి కొత్త జేబులో పెట్టుకుంటూనే ఉన్నాను.